రాకాసి బల్లి

పోయినేడాది ఆదిమ జంతువుల మీద ఒక పిల్లల పుస్తకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాను. పెద్ద పనేం కాదు, సగానికి పైగా బొమ్మలే. మొదటి పేజీలోనే ఏ అనుమానమూ లేకుండా 'రాక్షసబల్లి' అని రాసి ముందుకెళ్ళిపోయాను. చిన్నప్పుడు నేను చదివిన తెలుగు పుస్తకాల్లో ఆ మాటే ఉండేది మరి. ప్రూఫులు తిరిగొచ్చేసరికి ప్రతిచోటా ఆ మాట మీద ఎర్రగీత, పక్కన 'డైనోసార్'. మార్జిన్‌లో సంపాదకురాలి మాట: "ఇవి బల్లులు కావు కదండీ. తప్పుడు అనువాదం అవుతుంది. పైగా ఇప్పటి పిల్లలెవరికీ ఈ మాట తెలీదు."

రెండో అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు. మా అక్క కూతురికి ఏడేళ్ళు. టిరనోసారస్ రెక్స్ అని తడబడకుండా అంటుంది. 'రాక్షసబల్లి' అంటే మాత్రం గోడ మీద ట్యూబ్‌లైటు పక్కనున్న బల్లిని చూపించి నవ్వుతుంది. కానీ మొదటి అభ్యంతరం నన్ను వదల్లేదు. బల్లి అనడం తప్పే అయితే, ఆ తప్పు చేసింది తెలుగువాడు కాదు. ఒక ఇంగ్లీషువాడు గ్రీకులో చేసిన తప్పు అది. మనం దాన్ని నమ్మకంగా మోసుకొచ్చామంతే.

'డైనోసార్' అనే మాటకి పుట్టినతేదీ ఉంది. చాలా మాటలకి ఆ భాగ్యం ఉండదు. 1841 ఆగస్టులో ప్లిమత్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో రిచర్డ్ ఓవెన్ అనే శరీరనిర్మాణ శాస్త్రవేత్త, బ్రిటన్‌లో దొరికిన సరీసృపాల శిలాజాల మీద మాట్లాడాడు. అది నివేదికగా అచ్చయింది 1842లో. 'డైనోసారియా' మొదటిసారి కనిపించేది ఆ అచ్చులో. అప్పటికి ఆ పేరు కింద ఆయన చేర్చినవి మూడే జంతువులు: మెగలోసారస్, ఇగ్వానొడాన్, హైలియోసారస్. మూడింట్లో దేనికీ పూర్తి అస్థిపంజరం లేదు. దొరికిన ముక్కల్లోనే, తుంటి దగ్గర వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఉండటం చూసి ఇవి మామూలు బల్లుల తెగ కాదు, వీటి దారి వేరు అని ఆయన వాదించాడు. అంత వాదించి, చివరికి గ్రీకులోంచి 'దెయినోస్', 'సౌరోస్' అనే రెండు మాటలు తీసి అతికాడు. సౌరోస్ అంటే బల్లి.

అంటే బల్లులు కావని అందరికన్నా ముందు తెలిసినవాడే బల్లి అన్నాడు. ఎందుకంటే అప్పటికే ఆ తోక వాడుకలో పడిపోయింది. ప్లీసియోసారస్, మెగలోసారస్ లాంటి పేర్లు ఇరవయ్యేళ్ళుగా నలుగుతున్నాయి. 'సారస్' అన్నది అర్థం అరిగిపోయి, ఊరి పేరు చివర 'పల్లి'లా మిగిలింది. కూకట్‌పల్లిలో ఇప్పుడెవరైనా పల్లెను వెతుకుతారా?

అసలు పస మొదటి సగంలో ఉంది. 'దెయినోస్'కి 'భయంకరమైన' అని అర్థం చెప్పి, డైనోసార్ అంటే భయంకరమైన బల్లి అని పిల్లల పుస్తకాలన్నీ రాస్తాయి. ఓవెన్ మాత్రం అక్కడే వివరణ ఇచ్చుకున్నాడు: ఆయన ఉద్దేశంలో అది 'భయం పుట్టించేంత పెద్దది'. కోరలూ గోళ్ళూ కాదు, పరిమాణం. గ్రీకులోనైతే ఆ మాట ఇంకా లోతైనది. భయం, అబ్బురం, గొప్పతనం, మన అంచనాకి అందకపోవడం, అన్నీ కలిసి ఉంటాయి. సోఫోక్లీస్ 'ఆంటిగొనీ'లో కోరస్ మనిషిని వర్ణించేది ఈ విశేషణంతోనే. అక్కడ దాన్ని 'అద్భుతం' అనాలా 'భయంకరం' అనాలా అన్నది అనువాదకులకి ఎప్పటికీ తేలని గొడవ.

ఆ గొడవ తెలుగు అనువాదకుడికి లేదు. ఎందుకో చెప్పాలంటే మా పెద్దనాన్న దగ్గరికి వెళ్ళాలి.

పెద్దనాన్న భూపాలపల్లిలో బొగ్గుబాయిల పనిచేశాడు. 'బాయి' అంటే బావే. బొగ్గు తవ్వే గని మా వైపు బొగ్గుబాయి. సెలవులకి వెళ్ళినప్పుడు నాకు ఒక నల్లటి పెల్ల చేతిలో పెట్టి, "ఇది కట్టెబొగ్గు గాదు బిడ్డా, రాకాసి బొగ్గు. మనుషులు పుట్టకముందుది" అన్నాడు. రాక్షసిబొగ్గు అన్న మాట పాత తెలుగు పుస్తకాల్లో కూడా ఉంది. నేలబొగ్గుకి అదే పేరు. అప్పుడు నేను దాన్ని రాక్షసులు కాల్చి వదిలేసిన బొగ్గు అనుకున్నాను. పెద్దనాన్న అలా అనలేదని చాలా ఏళ్ళ తర్వాత తట్టింది. ఆయన చెప్పింది కాలం గురించి.

అక్కణ్ణుంచి దక్షిణంగా వస్తే తాడ్వాయి అడవుల్లో దామరవాయి ఉంది. అక్కడి గుట్టల మీద పెద్ద పెద్ద బండలు నాలుగు పక్కలా నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పిన గూళ్ళు కనిపిస్తాయి. పురావస్తు శాఖవాళ్ళు వాటిని డోల్మెన్లు అంటారు, ఇనుప యుగం నాటి సమాధులు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి అవి రాక్షస గుళ్ళు. చూడండి, బొగ్గు పాతిక కోట్ల ఏళ్ళకి పైబడ్డది, గుళ్ళు రెండు మూడు వేల ఏళ్ళవి. రెండింటికీ ఒకటే విశేషణం. మన లెక్కకి అందనంత పాతది, మన చేతికి మించినంత పెద్దది, ఎవరు చేశారో తెలియనిది, రాక్షసం. అందులో దుర్మార్గం ఏమీ లేదు. పంచాంగంలో ఒక సంవత్సరానికే ఆ పేరుంది, దాన్నెవరూ తిట్టరు.

కాబట్టి 'రాక్షసబల్లి' అన్నవాడెవరో నాకు తెలీదు గానీ, ఆ మాటలో మొదటి సగం నిఘంటువు చూసి పెట్టినట్టు లేదు. గ్రీకువాడి దెయినోస్‌కి తెలుగులో ఇంతకన్నా దగ్గరి మాట నేను వెతికినా దొరకలేదు. ఓవెన్ అనుకున్న పెద్దతనం అందులో ఉంది. ఆయన అనుకోని కాలం కూడా ఉంది. బల్లి సంగతి సరే, మనకి బల్లి గోడ మీద ఉంటుంది, తొండ కంచె మీద ఉంటుంది, ఉడుము పుట్టలో ఉంటుంది. మూడింట్లో ఉడుమే కాస్త హుందాగా ఉండేది. 'రాక్షస ఉడుము' అని ఉంటే మా అక్క కూతురు అంతగా నవ్వేది కాదేమో. కానీ ఓవెన్ అరిగిపోయిన మాట వాడాడు, మనవాళ్ళూ అరిగిపోయిన మాటే వాడారు. లెక్క సరిపోయింది.

ప్రూఫులు నా దగ్గర ఉండగానే పెద్దనాన్న పోయాడు. అస్థికలు కాళేశ్వరంలో కలపాలని ఆయనే ఎప్పుడో చెప్పి పెట్టుకున్నాడు. మా వైపు అదే ఆనవాయితీ. పడమటి నుంచి గోదావరి, ఉత్తరం నుంచి ప్రాణహిత, కళ్ళకి కనపడని సరస్వతి, మూడూ కలిసే చోటు. మట్టి ముంతలో ఎర్రగుడ్డ కట్టిన అస్థికలు మా అన్న నీళ్ళలో వదిలాడు. మా వైపు మాటలో చెప్పాలంటే బొక్కలు. అటువైపు చూస్తే వెడల్పైన ఇసుక, ఇసుక వెనక చెట్లు, వంతెన అవతల సిరొంచ. అది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. ఆ ఒడ్డున ఎన్నో ఊళ్ళలో ఇప్పటికీ తెలుగే వినిపిస్తుంది. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలని ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేశాక నది సరిహద్దు అయింది. భాషకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

సిరొంచకి కొంచెం ఎగువన, ప్రాణహిత ఎడమ ఒడ్డున కోట అనే చిన్న ఊరుంది. నా పుస్తకంలో భారతదేశం గురించి ఉన్న ఒకే ఒక్క పేజీ ఆ ఊరి పేరు మీద నడుస్తుంది. ఈ ఒడ్డున మేం ఎముకలు నీళ్ళలో కలుపుతున్నాం, ఆ ఒడ్డున రాళ్ళలోంచి ఎముకలు తవ్వి తీశారు. స్నానం చేసి గట్టెక్కుతూ నేను అనుకున్నది ఇదే, కాస్త సిగ్గుగా కూడా అనిపించింది. అలాంటి చోట పుస్తకం పని గుర్తుకు రాకూడదు.

కోట పేరు శాస్త్రంలోకి ఎక్కి చాలా కాలమైంది. అక్కడి సున్నపురాయి పలకల్లో చేపల అచ్చులు దొరికాయి. 1851లోనే అందులో ఒకదానికి 'లెపిడోటస్ దక్కనెన్సిస్' అని పేరు పెట్టారు. ఊరు చిన్నది కాబట్టి కాబోలు, చేపకి మొత్తం దక్కను రాసిచ్చారు. తర్వాత వచ్చినవాడు విలియం కింగ్. భారత భూవిజ్ఞాన సర్వేలో పనిచేసిన ఈయన 1871లో ఎల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. సింగరేణి కథ మొదలయ్యేది అక్కడే. ప్రాణహిత గోదావరి లోయ మొత్తాన్నీ తిరిగి, 1881లో దాని మీద పెద్ద గ్రంథం అచ్చు వేసిందీ ఆయనే. పెద్దనాన్న రాకాసి బొగ్గూ, కోట రాళ్ళూ ఒకే మనిషి నోట్‌బుక్కుల్లో ఉన్నాయన్నమాట. రెండూ ఒకే శిలల దొంతరలో కింది అర, పై అర. కింద బొగ్గు, చాలా పైన కోట.

బల్లుల వంతు వచ్చింది 1950ల చివర్లో. మహలనోబిస్ పిలుపు మీద లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే పురాజీవ శాస్త్రవేత్త 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది. గణాంకశాస్త్రం సంస్థకి రాక్షసబల్లులతో ఏం పని అని అడక్కండి, మహలనోబిస్‌కి అన్నిటితోనూ పని ఉండేది. ఆవిడ తయారుచేసిన కుర్రాళ్ళు ఈ లోయలో తవ్వడం మొదలుపెట్టారు. సిరొంచ వైపు పోచంపల్లి అనే ఊరి దగ్గర (చీరల పోచంపల్లి కాదు, పోచమ్మ లేని ఊరుంటుందా మనకి) 1958లో మొదటి ఎముకలు కనిపించాయి. 1961 నాటి తవ్వకాల్లో చాలా భాగం బయటికొచ్చింది. మొత్తం మీద 300 దాకా ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. తల మాత్రం ఒక్కదానికీ దొరకలేదు. ఒక తొడ ఎముక 1.7 మీటర్లు, అంటే ఐదున్నర అడుగులు. మా పెద్దనాన్నంత.

ఆ కాలిని చూసే దానికి తవ్వకాల్లోనే ముద్దుపేరు పుట్టింది. బెంగాలీలో 'బడొ పా' అంటే పెద్ద కాలు. తోకకి మామూలే, సారస్. 1975లో సోహన్‌లాల్ జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, శంకర్ ఛటర్జీ కలిసి 'బరపాసారస్ టాగోరై' అని అధికారికంగా పేరు పెట్టారు. 1961 టాగోర్ శతజయంతి సంవత్సరం కాబట్టి రెండో సగం ఆయనది. మన పంచాంగం ప్రకారం 1975 ఉగాదితో మొదలైంది రాక్షస నామ సంవత్సరం. కాకతాళీయమే, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఈ పేరు నాకు ఇష్టం. గ్రీకు తోకకి బెంగాలీ కాలు కట్టిన ధైర్యం ఇష్టం. కానీ పోచమ్మ ఊళ్ళో దొరికిన జంతువు టాగోర్ గారి పేరున కలకత్తా మ్యూజియంలో నిలబడి ఉండటం చూస్తే చిన్న గుచ్చుకోలు. పేరు పెట్టేవాళ్ళ భాష పేరులోకి వస్తుంది. మట్టి ఎవరిదైనా.

ఆ గుచ్చుకోలు కొంత తీర్చినవాడు పి. యాదగిరి, భూవిజ్ఞాన సర్వేవాడు. ఈసారి నదికి ఇవతలి వైపు, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో పెద్ద కుప్పగా ఎముకలు దొరికాయి. ఎనిమిది వందలకి పైగా, పన్నెండు జంతువులవి. ఇక్కడా తల లేదు. 1988లో యాదగిరి దానికి పెట్టిన పేరు 'కోటసారస్ యామన్‌పల్లిఎన్సిస్'. హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్ళినవాళ్ళు దాన్ని చూసే ఉంటారు, నిలబెట్టిన అస్థిపంజరం అదే. బడి నుంచి తీసుకెళ్ళినప్పుడు నేనూ చూశాను. లైన్లో నిలబడి ఆ పేరు కూడబలుక్కుంటుంటే హఠాత్తుగా మధ్యలో 'పల్లి' వినిపించింది. సినిమాహాల్లో ఇంగ్లీషు సినిమా చూస్తుంటే తెరమీద మన పక్కింటివాడు కనిపించినట్టు.

ఆ పేరుని విప్పి చూద్దాం. కోట, అచ్చ తెలుగు మాట. కోట ఊళ్ళో జంతువు దొరకలేదు, ఆ ఊరి పేరున పిలిచే శిలాస్తరంలో దొరికింది. సారస్, గ్రీకులోంచి లాటిన్ దుస్తుల్లో వచ్చింది. యామన్‌పల్లి, ఊరు. ఎన్సిస్, 'ఆ చోటికి చెందిన' అని చెప్పే లాటిన్ ప్రత్యయం. మనకి ఇది కొత్తా? ఊరి పేరు ఇంటిపేరై మనిషిని వెంబడించడం తెలుగువాళ్ళ కన్నా ఎవరికి బాగా తెలుసు? శాస్త్రనామంలో ముందు జాతి, తర్వాత సొంత పేరు రావడం కూడా మన పద్ధతే, ఇంటిపేరు ముందు. 'కోట' అన్న ఇంటిపేరున్న మనుషులు మనలో ఎంతమంది లేరు! ఇంగ్లీషువాడు తలకిందులుగా రాసుకుంటాడు గానీ లిన్నేయస్ తెలుగువాడిలాగే రాశాడు.

ఇలాంటి పేర్లు ఇంకా వరసగా ఉన్నాయి. దండకారణ్యం పేరున దండకోసారస్ అప్పటికే ఉంది. గోదావరి పేరున గోదావరిసారస్, రెబ్బెన పేరున రెబ్బనసారస్, ఈ రెండూ నిజంగా చిన్నవే, బల్లి అన్నా ఎవరూ తప్పుపట్టలేనంత. ప్రాణహిత పేరున ఇండోథీరియం ప్రాణహితై. మూడు మొనల పన్నున్న ఒక బుల్లి క్షీరదానికి యాదగిరి ఏకంగా త్రిశూలోథీరియం అని పెట్టాడు, థీరియం అంటే గ్రీకులో మృగం. ఎలుకంత ప్రాణి, శివుడి ఆయుధం, గ్రీకు మృగం. ఇంగ్లండు వదిలి వచ్చి భారతీయుడైపోయిన జె. బి. ఎస్. హాల్డేన్ పేరు కోటథీరియం హాల్డేనై‌లో ఉంది. పైకాసిగూడెం అనే ఊరి పేరు పైకాసిగుడొడాన్ అయింది, 'ఒడాన్' అంటే పన్ను. దాని రెండో పేరు యాదగిరీ. అందరికీ పేర్లు పెట్టినవాడి పేరు చివరికి ఒక పంటి మీద చెక్కారు. పేర్లు పెట్టేవాడికి ఇంతకన్నా తగిన మర్యాద ఏముంటుంది.

ఆడ రూపం ఒకటుంది, అది చెప్పాలి. ధర్మారం అనే ఊరి పేరున పిలిచే శిలల్లో దొరికినదానికి 2007లో 'లాంప్లూసారా ధర్మారమెన్సిస్' అని పెట్టారు. పమేలా లాంప్లూ రాబిన్సన్ పేరు అది. ఆవిడ కోసం సారస్‌ని సారా చేశారు. ఇంకోటి మాలేరి ఊరిది. 1987లో ఛటర్జీ అలిక్ వాకర్ అనే శాస్త్రవేత్త గౌరవార్థం 'వాకేరియా మాలేరియెన్సిస్' అని పేరు పెట్టాడు. తీరా చూస్తే వాకేరియా అన్న పేరు ఒక సముద్రపు నాచులాంటి ప్రాణికి ముందే ఉంది. ఒకే పేరు రెండు జంతువులకి కుదరదు. 1994లో 'ఆల్‌వాకేరియా' అని మార్చారు. దొరగారి పేరు మారాల్సి వచ్చింది, మాలేరి మాత్రం కదల్లేదు.

ఇన్ని చెప్పాక ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ పేర్లన్నిట్లో మన మాట ముందు ఉంటుంది, వాళ్ళ మాట వెనక ఉంటుంది. బళ్ళో చదివిన సమాసాలు గుర్తున్నవాళ్ళకి దీని అర్థం తెలుస్తుంది. తత్పురుషంలో ప్రధానం ఉత్తరపదానిది. కోట యొక్క బల్లి, గోదావరి యొక్క బల్లి, త్రిశూలం యొక్క మృగం. అది ఏమిటో చెప్పేది గ్రీకు, ఎక్కడిదో చెప్పేది తెలుగు. మనం చిరునామా ఇస్తాం. బరపా కూడా ఎంత పెద్దదో చెప్పి ఆగిపోయింది, ఏమిటో చెప్పలేదు. 'రాక్షసబల్లి'లో మాత్రం రెండు సగాలూ మనవి. నా పేచీ అంతా దాని కోసమే.

చిరునామా కూడా మనది కాని సందర్భం ఇంకోటుంది. ఈ శిలల మొత్తానికి భూవిజ్ఞాన సర్వే మెడ్లికాట్ 1872లో 'గోండ్వానా' అన్న పేరు వాడాడు. గోండుల వనం. 1885లో వియన్నాలో ఎడువర్ట్ జ్యూస్ ఆ మాటకి 'లాండ్' తగిలించి గోండ్వానాలాండ్ అన్నాడు, దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్న మహాభూమికి. గోండు అడవి దేశం. వనం చాలదని లాండ్, 'గేటు ద్వారం' అన్నట్టు. అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అన్నీ ఆ పేరు కిందికి వచ్చాయి. సిరొంచ అడవుల్లో ఉన్నవాళ్ళు తమని గోండులు అనుకోరు, వాళ్ళ భాషలో వాళ్ళు కోయితూర్. గోండు అన్నది బయటివాళ్ళు పిలిచిన పేరు. తెలుగు 'కొండ' నుంచే వచ్చిందని ఒక వాదం ఉంది. అదే నిజమైతే భూగోళంలో సగానికి పేరు పెట్టింది మనమే, పక్కింటివాణ్ణి పేరు అడక్కుండా.

అందుకని ఇంగ్లీషువాళ్ళ మీద నింద వేసి కూర్చోడం కుదరదు. అస్థికలు కలిపిన మధ్యాహ్నం గుళ్ళోకి వెళ్ళాం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు. ముందు కాలుడికి పూజ, ఆ తర్వాతే ముక్తేశ్వరుడికి. ముక్తేశ్వర లింగానికి రెండు రంధ్రాలుంటాయి, అందులో పోసిన నీళ్ళు సంగమంలో కలుస్తాయంటారు. ఎక్కడికెళ్ళినా మాటలే కనిపించే జబ్బు నాది. కాళేశ్వర ముక్తేశ్వరులు, ద్వంద్వ సమాసం, రెండు పదాలూ ప్రధానమే అనుకున్నాను. అర్చకుడు ఇంకో కథ కూడా చెప్పాడు, అందరికీ చెప్పేదే. శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం, ఈ మూడు లింగాల మధ్య దేశం త్రిలింగం, అదే తెలుగు అయిందని.

ఆ వ్యుత్పత్తి ఆయన సొంతం కాదు. ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయంలో ఉంది, ఏడు వందల ఏళ్ళ నాటిది. భాషాశాస్త్రజ్ఞులు చాలామంది దీన్ని ఒప్పుకోరు. తెలుగు, తెలుంగు అన్న దేశ్యపదం ముందే ఉంది, దానికి తర్వాత సంస్కృతం బట్టలు తొడిగి త్రిలింగం చేశారని వాళ్ళ మాట. నాకు అదే నిజమనిపిస్తుంది. కాకతీయుల కొలువులో సంస్కృతం చేసిన పనే ఓవెన్ దగ్గర గ్రీకు చేసింది. ఉన్న వస్తువుకి పెద్దల భాషలో కాగితం పుట్టించడం. తెలుగు అన్న మాట త్రిలింగమైతే గౌరవం, కోట అన్న ఊరు సారస్ అయితే గౌరవం. గుళ్ళో నిలబడి అర్చకుడితో వాదించలేదు. పెద్దనాన్న ఉంటే తలూపేవాడు. నేనూ తలూపాను.

కులం కలవని మాటల్ని అతకడం అంటే పండితులకి ఎక్కడైనా మంటే. సంస్కృతం, తెలుగు కలిసి కుదరకుండా అతుక్కున్నవాటికి మనవాళ్ళు వైరిసమాసం అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో 'టెలివిజన్' వచ్చినప్పుడు, సగం గ్రీకు సగం లాటిన్ ఉన్న ఈ మాట వల్ల మంచి జరగదని మాంచెస్టర్ గార్డియన్ సంపాదకుడు సి. పి. స్కాట్ విసుక్కున్నాడని చెప్తారు. ఆ లెక్కన కోటసారస్ యామన్‌పల్లిఎన్సిస్ ఏమవుతుంది? తెలుగు, గ్రీకు, తెలుగు, లాటిన్. 'రాక్షసబల్లి' కూడా శుద్ధమైనదేం కాదు, సంస్కృతానికి తెలుగు కట్టిన మిశ్రమే. అది ఇష్టం లేనివాళ్ళకి దారి పెద్దనాన్న నోట్లోనే ఉంది. రాక్షస కాదు, రాకాసి. రాకాసి బల్లి. ఏ వ్యాకరణవేత్తా వంక పెట్టలేడు.

ఇంటికొచ్చాక ప్రూఫులు తీసి సంపాదకురాలికి ఉత్తరం రాశాను. పొడుగ్గానే రాశాను, పైనున్నదంతా ఇంచుమించు అందులోదే. ఓవెన్, బొగ్గు, దామరవాయి గుళ్ళు, అన్నీ. పుస్తకమంతా 'డైనోసార్' ఉంచండి, పిల్లలకి తెలిసిన మాట తీసేయమని అడగను, ఒక్క భారతదేశం పేజీ మాత్రం నాకు వదిలేయండి అన్నాను. ఆవిడ మంచిది. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఆ పేజీ శీర్షిక 'కోట రాకాసి' అని ఉంచారు. బల్లి ఎగిరిపోయింది. నేను పట్టుబట్టలేదు. అది బల్లి కాదు కదా. శాస్త్రనామం కింద చిన్న అక్షరాల్లో, తెలుగు లిపిలో ఉంది.

ఒక్క ప్రశ్న మాత్రం పెన్సిల్‌తో రాసి పంపింది: "కోట అంటే ఏ కోట? గోల్కొండా, వరంగల్లా? పిల్లలు అడుగుతారు."

జవాబుగా దారి రాసి పంపాను. కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన దాటాలి. సిరొంచ ఊళ్ళోంచి ప్రాణహిత ఒడ్డు వెంట ఉత్తరానికి దాదాపు ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళాలి. ఎవరినైనా తెలుగులో అడగొచ్చు.